గదులు లేచాయి - కిరాయి గిట్టేనా?

పటాన్‌చెరు: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ చుట్టుపట్ల గ్రామాల రైతులు ఇప్పుడు ఒక ఇల్లు కాదు, వరసగా పది గదులు, ఇరవై గదులు కట్టి చూస్తున్నారు. జొన్న, కంది పండిన చెలకల్లో కిరాయి గదుల వరుసలు లేచాయి. ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, ముత్తంగి ప్రాంతాలలో వ్యవసాయం కన్నా కిరాయిపైనే ఎక్కువ ఆధారపడిన కుటుంబాలు తక్కువేమీ లేవు. భూమి అమ్మగా వచ్చిన సొమ్ముతో కొందరు, బ్యాంకు అప్పుతో కొందరు, మిత్తికి తెచ్చి కొందరు ఈ పనికి దిగారు. దిగబోతున్నవారూ ఉన్నారు. ఒక వరుస కట్టి రెండో వరుసకు ముగ్గు పోస్తున్నవారూ ఉన్నారు.

గది కట్టగానే నెలనెలా డబ్బు రాలుతుందన్న నమ్మకమే ఈ ఉత్సాహానికి మూలం. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. అయితే స్థలం కాగితం దగ్గర నుంచి కరెంటు మీటరు వరకు, కిరాయి చీటీ నుంచి సెప్టిక్ ట్యాంకు వరకు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిని తేల్చుకోకుండా దిగినవారికి గదులు ఆస్తి కావడానికి బదులు భారమయ్యే ప్రమాదం ఉన్నది.

ఈ గిరాకీ ఎక్కడిది?

ఈ ప్రాంతానికి కిరాయిదారులు రావడం నిన్న మొన్నటి మాట కాదు. 1960 దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. ఆ తర్వాత పారిశ్రామిక వాడలు విస్తరించాయి. కందిలో ఐ.ఐ.టి., రుద్రారంలో ప్రయివేటు విశ్వవిద్యాలయం వచ్చాయి. అవుటర్ రింగు రోడ్డు ముత్తంగి వద్ద జాతీయ రహదారిని కలిసింది. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి వచ్చే కార్మికులకు కర్మాగారాలు పని ఇచ్చాయి గాని, చాలా చోట్ల తల దాచుకునే చోటు ఇవ్వలేదు. ఆ లోటును పూరించినవి గ్రామస్థులు కట్టిన గదులే.

అంటే ఈ గదుల గిరాకీకి మూలం కర్మాగారం గేటు. గేటు తెరిచి ఉన్నంతకాలం గది నిండి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుని లెక్క వేయాలి.

లెక్క ఏమి చెబుతున్నది?

ఒక రైతుకు ఊరి పక్కన 150 గజాల సొంత స్థలం ఉన్నదనుకుందాం. పది గదులు, మరుగుదొడ్లు, బోరు, సంపు కలిపి 22 లక్షల రూపాయలు ఖర్చయిందనుకుందాం. అందులో 7 లక్షలు చేతి సొమ్ము, 15 లక్షలు బ్యాంకు అప్పు. గదికి నెలకు 3,000 రూపాయల చొప్పున కిరాయి వస్తే నెలకు 30,000, ఏడాదికి 3 లక్షల 60 వేలు.

చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కాని పది గదులూ పన్నెండు నెలలూ నిండి ఉండవు. పండుగలకు, పెళ్ళిళ్ళకు, నాట్ల కాలానికి కార్మికులు స్వగ్రామాలకు వెళ్ళి నెలా నెలన్నర తిరిగి రారు. కొందరు అసలే తిరిగి రారు. ఖాళీలు, ఎగవేతలు కలిపి ఏడాదికి రెండు నెలల కిరాయి పోతుందనుకుంటే 60,000 తగ్గి 3 లక్షలు మిగులుతుంది. మోటారు మరమ్మతు, సున్నాలు, తలుపులు, కుళాయిలు, ట్యాంకు ఖాళీ చేయించడం, ఇంటి పన్ను అన్నీ కలిపి 50,000 తీసేస్తే మిగిలేది రెండున్నర లక్షలు.

ఇక అప్పు వాయిదా. 15 లక్షలకు నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీతో పదేళ్ళ గడువుకు నెలసరి వాయిదా సుమారు 19,800 రూపాయలు. ఏడాదికి సుమారు 2 లక్షల 38 వేలు. చివరకు రైతు చేతిలో మిగిలేది 12 వేలు మాత్రమే. పది గదులకు యజమాని అని ఊరంతా అనుకుంటుంది. నెలకు ఆయన జేబులో పడేది వెయ్యి రూపాయలు. ఇంకొక్క నెల గదులన్నీ ఖాళీగా ఉంటే ఆ వెయ్యి కూడా ఉండదు. ఏడాదికి 18 వేలు చేతి నుంచి కట్టుకోవాలి.

ఈ లెక్కలోనూ ఒక మంచి ఉన్నది. పదేళ్ళు ఓపిక పడితే అప్పు తీరుతుంది, గదులు మిగులుతాయి. అప్పటి నుంచి ఏడాదికి రెండున్నర లక్షలు సొంతమవుతాయి. కాబట్టి కిరాయి గదులు వెంటనే బతుకుతెరువు అవుతాయని కాక, పదేళ్ళ తర్వాతి ఆదరువు అని అనుకుని దిగినవారికి నిరాశ ఉండదు.

అదే 15 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెస్తే ఏమవుతుంది? ఏడాదికి మిత్తి ఒక్కటే 3 లక్షల 60 వేలు. అంటే పది గదులు ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నిండి ఉండి, ఒక్క కుళాయి కూడా చెడిపోకుండా ఉంటే వచ్చే కిరాయి మొత్తం మిత్తికే సరిపోతుంది. అసలు అసలుగానే ఉంటుంది. చివరికి గదులో, మిగిలిన భూమో అమ్మక తప్పదు. రెండు రూపాయల మిత్తి అప్పుతో కిరాయి గదులు కట్టరాదన్నది ఈ లెక్క చెప్పే మొదటి పాఠం.

గేటు మూతపడితే?

గిరాకీ ఒక్కసారిగా మాయం కావచ్చునని 2020లో రుజువైంది. కరోనా లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయాయి. కంది ఐ.ఐ.టి. నిర్మాణ పనులలో ఉన్న కార్మికులు తమను ఇళ్ళకు పంపాలని ఏప్రిల్ నెలాఖరులో ఆందోళనకు దిగారు. 2020 మే 1న లింగంపల్లి స్టేషను నుంచి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మంది కార్మికులతో రైలు బయలుదేరింది. దేశంలో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు అదే. ఆ తర్వాత రైలు మీద రైలు కదిలింది. వెనుక గదులు ఖాళీ అయ్యాయి.

ఉన్నవారి నుంచీ కిరాయి రాలేదు. కార్మికులను ఒక నెల కిరాయి అడగరాదని కేంద్ర హోం శాఖ 2020 మార్చి 29న ఆదేశించింది. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలల కిరాయి అప్పుడు వసూలు చేయరాదని, తర్వాత వాయిదాలలో తీసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్‌లో ప్రకటించింది. ఊరు విడిచి వెళ్ళినవారి నుంచి వాయిదాలలో వసూలు చేయడం ఎవరి తరం?

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మృతులలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవారు. వారు ఉన్నవి ఇలాంటి కిరాయి గదులలోనే. ఆ దుఃఖం ముందు కిరాయి మాట చిన్నదే. అయినా ఒక్క కర్మాగారాన్నే నమ్ముకుని పెట్టిన పెట్టుబడి ఎంత పలుచని పునాదిపై ఉన్నదో కూడా ఆ సంఘటన గుర్తు చేసింది.

అందుకే కనీసం ఆరు నెలల వాయిదాల సొమ్ము, పై లెక్క ప్రకారం సుమారు లక్షా 20 వేలు, బ్యాంకులో విడిగా ఉంచుకోవాలి. ఆ సొమ్ముతో మరో గది వేయాలన్న ఆశ కలుగుతుంది. ఆ ఆశకు లొంగకపోవడం మంచిది.

స్థలం ఎవరిది?

కొత్తగా కొని కట్టేవారికి మొదటి ప్రశ్న స్థలం గురించే. 2024 సెప్టెంబరు 22న అమీన్‌పూర్ మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో ప్రభుత్వ భూమిలో ఉన్నాయంటూ భవనాలను హైడ్రా యంత్రాలతో కూల్చివేసింది. ఇల్లు కోల్పోయినవారిలో రిజిస్ట్రేషన్ కాగితాలు చూపినవారూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన అమ్మినవాడికి హక్కు ఉన్నట్టు కాదు. లేని హక్కును రిజిస్ట్రేషన్ పుట్టించలేదు.

కొనబోయేవారు అయిదు సంగతులు చూసుకోవాలి. ఒకటి, సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే 22-ఎ జాబితాలో ఉన్నదేమో చూడాలి. రెండు, అది పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమా అని విచారించాలి. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డు భూముల అమ్మకం చెల్లదు. ఎంత సొమ్ము పోసినా హక్కు రాదు. మూడు, చెరువు శిఖం భూమి అవునా కాదా తేల్చుకోవాలి. పూర్తి నీటి మట్టం హద్దు లోపల కట్టడం నిషేధం. పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి మరో 30 మీటర్లు, చిన్న చెరువులు కుంటలకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. నాలుగు, వ్యవసాయ భూమి అయితే వ్యవసాయేతర భూమిగా మార్పిడి, జనం ‘నాలా’ అనేది, జరిగిందో లేదో చూడాలి. అయిదు, వెనుకటి లావాదేవీల కోసం ఇ.సి. తీసి చూడాలి. ప్లాటు అయితే లే-అవుటుకు అనుమతి ఉన్నదో లేదో కనుక్కోవాలి.

ఆ తర్వాతది కట్టడానికి అనుమతి. గ్రామ పంచాయతీ 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు కట్టడానికే స్వయంగా అనుమతి ఇవ్వగలదు. అంతకు మించితే పై అధికారుల సాంకేతిక అనుమతి కావాలి. పురపాలక ప్రాంతాలలో 2020 చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు మించని ఇంటికి అనుమతి అవసరం లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు సొంత ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది. అయితే ఇందులో మెలిక ఉన్నది. ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని ఆ చట్టం అధికారులకు ఇచ్చింది. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు వేయడం, చుట్టూ వదలవలసిన జాగాలో మరుగుదొడ్లు కట్టడం ఇక్కడ మామూలు. అప్పుతో కట్టినవారికి ఆ మామూలే ముప్పు అవుతుంది.

రహదారి పక్కన దుకాణాలు కట్టేవారికి మరో హెచ్చరిక. మదీనగూడ నుంచి సంగారెడ్డి వరకు 65వ నంబరు జాతీయ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించే పనికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. రోడ్డు హద్దు ఎక్కడిదాకా ఉన్నదో తెలుసుకోకుండా ముందు భాగంలో షట్టర్లు దించినవారికి నష్టపరిహారం మాట ఎత్తే వీలుండదు.

ఒక మీటరా, పది మీటర్లా?

కరెంటు విషయంలో చేసే పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది గాని నెలనెలా కరుస్తుంది. పది గదులకు కలిపి ఒకే మీటరు పెట్టుకుంటే కనెక్షను ఖర్చు తగ్గుతుందని కొందరు భావిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి అమలయిన ఇళ్ళ రేట్లతో లెక్క చూద్దాం. ఒక్కో గదిలో నెలకు 60 యూనిట్లు కాలుతుందనుకుందాం. గదికో మీటరు ఉంటే మొదటి 50 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 95 పైసలు, మిగతా 10 యూనిట్లకు 3 రూపాయల 10 పైసల చొప్పున గదికి 128 రూపాయల 50 పైసలు. పది గదులకు 1,285 రూపాయలు.

అదే ఒకే మీటరు మీద 600 యూనిట్లు కాలితే మొదటి 200 యూనిట్లే 5 రూపాయల 10 పైసల చొప్పున పడతాయి. తర్వాతి వందకు 7 రూపాయల 70 పైసలు, ఆపై వందకు 9 రూపాయలు, మిగతా 200 యూనిట్లకు 9 రూపాయల 50 పైసలు. మొత్తం 4,590 రూపాయలు. స్థిర చార్జీలు దీనికి అదనం. కాలిన కరెంటు అంతే, బిల్లు మాత్రం మూడున్నర రెట్లు.

ఈ తేడా ఎవరు భరించాలన్న దగ్గరే యజమానికి, కిరాయిదారుకు తగవు మొదలవుతుంది. యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేసే యజమాని తాను లాభం తీయడం లేదంటాడు. కిరాయిదారు దోపిడీ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. గదికో మీటరు పెట్టిస్తే ఈ తగవే ఉండదు. 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే ఆహార భద్రత కార్డు కుటుంబాలు కిరాయి ఇంట్లో ఉన్నా అర్హులే. పక్క మండలాల నుంచి వచ్చి ఉంటున్న మన జిల్లా కుటుంబాలకు విడి మీటరు ఉంటేనే ఆ మేలు అందుతుంది. అలాంటి గదికి గిరాకీ కూడా ఎక్కువే.

నీటి సంగతీ ముందే చూసుకోవాలి. ఈ ప్రాంత పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపట్ల భూగర్భ జలం పాడయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బోరు వేయగానే సరిపోదు. నీటిని పరీక్ష చేయించి, తాగే నీటికి వేరే ఏర్పాటు చూపాలి.

పదకొండు నెలల కాగితం

కిరాయి ఒప్పందం పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర లేదన్నది ఊరూరా ఉన్న నమ్మకం. దేశంలో చాలా రాష్ట్రాలకు ఇది వర్తిస్తుంది. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో గడువు ఎంతైనా స్థిరాస్తి లీజు పత్రాలన్నీ రిజిస్టరు కావలసినవే అయ్యాయి. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం.

అట్లని మూడు వేల గదికి ఎవరూ రిజిస్ట్రేషన్‌కు పోరు. అలాంటప్పుడు నెలనెలా కిరాయికి చీటీ ఇవ్వడం, సొమ్ము బ్యాంకు ద్వారా గాని ఫోను ద్వారా గాని తీసుకోవడం, ఆధార్ నకలు, స్వగ్రామం చిరునామా, పని చేసే చోటు రాసి ఉంచుకోవడం కనీస జాగ్రత్త. చీటీ ఇద్దరికీ రక్షణే. దుకాణాలు, పెద్ద భవనాలు, బ్యాంకులకు, కంపెనీలకు ఇచ్చే కట్టడాల విషయంలో మాత్రం రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనుకాడరాదు.

ఖాళీ చేయించడం ఎట్లా అన్నది మరో ప్రశ్న. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం నగర పాలక, పురపాలక ప్రాంతాలకు వర్తిస్తుంది, గ్రామాలకు కాదు. గ్రామం పురపాలక సంఘంలో కలిసినప్పుడు ఆ చట్టం కూడా వెంట వస్తుంది. అయితే 2005 సవరణ ప్రకారం కొత్తగా కట్టిన భవనానికి 15 ఏళ్ళ వరకు, నగర పాలక ప్రాంతంలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన కిరాయి ఉన్న భవనాలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉన్నది. కాబట్టి ఇక్కడి గదులలో ఎక్కువభాగం సాధారణ ఆస్తి బదిలీ చట్టం కిందికే వస్తాయి. దాని ప్రకారం నెలసరి కిరాయిదారుకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టుకు వెళ్ళాలి.

బాకీ పడ్డాడని సామాను బయట పారవేయడం, తాళం వేయడం, కరెంటు తీసివేయడం చట్టం ఒప్పని పనులు. బలవంతంగా వెళ్ళగొట్టబడినవాడు ఆరు నెలల లోపల కోర్టుకు వెళ్ళి స్వాధీనం తిరిగి కోరవచ్చు. పోలీసు కేసు కూడా తోడైతే మూడు వేల కిరాయి కోసం ముప్పై వేలు వదులుకోవలసి వస్తుంది. ఒక నెల కిరాయి అడ్వాన్సుగా తీసుకుని, బాకీ రెండో నెల దాటకుండా చూసుకోవడమే చవక మార్గం. 2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా పంపిన కిరాయి చట్టంలో కూడా నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించరాదన్న నియమం ఉన్నది.

గుత్తేదారు ఇచ్చే గంపగుత్త కిరాయి

కొందరు యజమానులు గదులన్నిటినీ ఒకే లేబరు గుత్తేదారుకు ఇచ్చివేస్తున్నారు. నెలకు ఒకసారి ఒక్క చేతి నుంచి సొమ్ము వస్తుంది, తిరిగే పని ఉండదు. ఇబ్బంది ఏమంటే, గుత్తేదారు పని ముగిసి వెళ్ళిపోతే పది గదులూ ఒకే రోజు ఖాళీ అవుతాయి. రెండు మూడు నెలల బాకీతో మాయమైతే ఉన్న కార్మికులను అడగలేరు. వారు తమ కూలి నుంచి గుత్తేదారు అప్పటికే కోసుకున్నాడంటారు. అది చాలాసార్లు నిజం కూడా.

గుత్తేదారుకు ఇచ్చేటప్పుడు కిరాయిదారు ఎవరో కాగితం మీద స్పష్టంగా ఉండాలి. గదికి ఎంతమంది ఉండాలో రాసుకోవాలి. నలుగురికని ఇచ్చిన గదిలో పది మందిని కుక్కితే నీరు, మరుగుదొడ్లు, కరెంటు తీగలు ఏవీ తట్టుకోవు. తలకు ఇంత అని వసూలు చేసే యజమానులు కూడా ఈ పనే చేస్తున్నారు. రేకుల కప్పు కింద, ఒకే తలుపు ఉన్న గదిలో, గ్యాసు బండ పక్కన ఎనిమిది మంది పడుకుంటే నిప్పు రేగిన రోజు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కిటికీ, వెడల్పయిన దారి, సరైన తీగలు, షాకు కొడితే కరెంటును ఆపివేసే ట్రిప్పరు పెట్టించడం దయాధర్మం కాదు, యజమాని బాధ్యత.

సెప్టిక్ ట్యాంకు విషయంలో నిర్లక్ష్యం జైలుకు దారి తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు గుంతలలో మరణించినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యంత్రం బండిని పిలిపించడానికి అయ్యే ఖర్చు దానితో పోలిస్తే ఎంత?

పన్ను మాట

రైతులకు ఆదాయపు పన్ను లేదన్న మాట కిరాయికి వర్తించదు. వ్యవసాయ ఆదాయంపై పన్ను లేదు గాని కిరాయి ఆదాయంపై ఉన్నది. అయితే భయపడవలసినదేమీ లేదు. చేతికి వచ్చిన కిరాయిలో నుంచి కట్టిన ఇంటి పన్ను తీసివేసి, మిగిలినదానిలో మరమ్మతుల కింద నూటికి 30 వంతులు రశీదులతో పని లేకుండా మినహాయిస్తారు. కట్టడం కోసం చేసిన అప్పుపై వడ్డీ కూడా తీసివేస్తారు.

పై ఉదాహరణలో 3 లక్షల కిరాయిలో ఇంటి పన్ను 6,000 పోతే 2,94,000. అందులో 30 శాతం పోతే సుమారు 2,06,000. మొదటి ఏడాది వడ్డీ సుమారు లక్షా 45 వేలు పోతే మిగిలేది 60 వేల చిల్లర. 2025-26 నుంచి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు, రిబేటుతో 12 లక్షల ఆదాయం వరకు కట్టవలసినది ఉండదు. అయితే ఇతర ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. అప్పుడు పన్ను రేటు లెక్కకు వ్యవసాయ ఆదాయాన్ని కూడా కలుపుతారు. వడ్డీ మినహాయింపు కావాలంటే అప్పుకు కాగితం ఉండాలి. నోటి మాట మీద తెచ్చిన మిత్తి అప్పుకు రుజువు చూపడం కష్టం. దుకాణాల కిరాయి ఏడాదికి 20 లక్షలు దాటేవారు జి.ఎస్.టి. సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

రెండో వరుసకు ముందు

మొదటి పది గదులు నిండగానే రెండో పదికి దిగడం ఇప్పుడు కనిపిస్తున్న ధోరణి. మొదటిదాన్ని తాకట్టు పెట్టి రెండోదానికి అప్పు తెస్తే, రెండింటిలో దేనికి దెబ్బ తగిలినా రెండూ కదులుతాయి. రెండు వరుసలూ ఒకే కర్మాగారం గేటు ఎదుట ఉంటే ప్రమాదం తగ్గకపోగా రెట్టింపవుతుంది.

పెరగదలచినవారు కిరాయిదారుల రకాన్ని మార్చుకోవడం మేలు. ఒక వరుస కార్మికులకు ఉంటే, రెండో కట్టడం సంగారెడ్డిలో కుటుంబాలకో, 2022లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల పరిసరాలలో ఉద్యోగులకో ఉంటే, ఒక చోట గిరాకీ పడిపోయినా మరో చోట నిలబడుతుంది. కుటుంబాలు ఉండే పోర్షనులో ఖర్చు ఎక్కువ, కిరాయి పెట్టుబడితో చూస్తే తక్కువ. కాని నెలకో మనిషి మారడు. ఇంకొకటి, పది గదుల వరకు యజమానే చూసుకోగలడు. ముప్పై గదులు అయితే ఒక మనిషిని పెట్టాలి. అతని జీతం లెక్కలో వేసుకోవాలి. పిల్లలు పట్నంలో ఉండి తండ్రి ఒక్కడే ఊళ్ళో ఉన్న ఇళ్ళలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

అన్నదమ్ముల ఉమ్మడి స్థలంలో ఒకరి సొమ్ముతో కట్టే గదులు రేపటి తగవుకు విత్తనాలు. కట్టకముందే భాగ పత్రం రిజిస్టరు చేసుకోవడం మంచిది. కిరాయి రావడం మొదలైన తర్వాత పంచుకోవడం కన్నా ఖాళీ స్థలం పంచుకోవడం తేలిక.

అధికారుల వైపు నుంచి జరగవలసినదీ ఉన్నది. నిషేధిత సర్వే నంబర్లు, చెరువుల హద్దులు, అనుమతి ఉన్న లే-అవుట్ల జాబితా ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో ఉంటే, కూల్చివేతల దాకా వెళ్ళే పని చాలా వరకు తప్పుతుంది. కార్మికులకు నివాసం కల్పించే బాధ్యతను పరిశ్రమలకు గుర్తు చేయడం కూడా అవసరం. ఆ బరువంతా గ్రామస్థుల అప్పుల మీద, కార్మికుల ఇరుకు గదుల మీద పడుతున్నది.

భూమి అమ్ముకున్న రైతుకు ఆ సొమ్ము మళ్ళీ రాదు. అది గోడలుగా మారే ముందు ఒక కాగితం మీద నిండు కిరాయి, ఖాళీ నెలలు, మరమ్మతు, వాయిదా అని నాలుగు అంకెలు వేసుకుని చూసుకోవాలి. నాలుగో అంక పోగా మిగులు ఉంటేనే ముగ్గు పోయాలి. లేకుంటే మరో ఏడాది ఆగడంలో నష్టం లేదు.